దారిలో పారేసిన మునగకొమ్మ

మునగపూల వాసన వచ్చినప్పుడల్లా, చెల్లెలికి చెప్పని మాటొకటి గుర్తొచ్చేది.

సముద్రం దాటి వచ్చిన ఈ దీవిలో అమ్మానాన్నల గిర్మిట్ కూలి, అంటే చెరకు తోటల్లో ఒప్పందపు చాకిరీ, తీరాక ద్రాసా తోట నుంచి ఎడ్లబండిలో సింగటోకా ఊరికి బయల్దేరాం. ఎండకీ, దుమ్ముకీ అందరం సోలిపోయాం. అమ్మ ఓడలో కొంగున కట్టి తెచ్చిన గింజతో పెంచిన మునగచెట్టు నుంచి ఒక కొమ్మ కొట్టి, కొత్త ఇంటి దగ్గర నాటాలని తడిగుడ్డ చుట్టి తెచ్చుకుంది. అది దారంతా నా వీపులో గుచ్చుకుంది. అదేదో పొయ్యిలోకి కట్టె అనుకుని, కట్టెలు అక్కడ మాత్రం దొరకవా అని చెరకు తోటలోకి విసిరేశాను.

బండి దిగాక అమ్మ వెతికింది.

"ఏదే కొమ్మ? ఆడుకుని పారేశావా?" అని చెల్లెల్ని కొట్టింది.

"నేను కాదమ్మా!" అంటూ అది నావైపు చూసింది. నేను ఎడ్లకు నీళ్ళు పెడుతున్న నాన్న వెనక్కి పోయాను.

ఇన్నేళ్ళకు, మొన్న చెల్లెలి ఇంటికి వెళ్ళి చెప్పాను.

"ఆ కొమ్మ పారేసింది నేనే, తల్లీ. నా దెబ్బలు నువ్వు తిన్నావు. నన్ను మన్నించు."