అందరి చంకలూ ఎక్కే పిల్లలు

నా చిన్నప్పుడు, మా అమ్మ పోయిన ఏడాదే, మా మేడ మీది గదిలోకి ఒక తెల్లజంట ఇద్దరు పిల్లలతో అద్దెకు దిగింది. మాది బోధన్. మా నాయన, బాపు, చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, బాపు తల్లి మా అవ్వ ఇంట్లో బీడీలు చుట్టేది. ఆ తెల్లవాళ్లది ఏదో చలి దేశం. పేరు అప్పుడు చెప్పే ఉంటారు, నా బుర్రకు ఎక్కలేదు. పిల్లలు మాత్రం ఇక్కడివాళ్లే. మా ఊరి అనాథాశ్రమంలో పెరుగుతున్న కవలలను, ఒక ఆడపిల్లను ఒక మగపిల్లవాణ్ణి, వాళ్లు దత్తత తీసుకున్నారు. కాగితాలు పూర్తయ్యేదాకా పిల్లలను దేశం దాటించడానికి వీల్లేదట. అందుకని ఆయన పొద్దున్నే నిజామాబాద్ బస్సెక్కి సర్కారు కచేరీల చుట్టూ తిరిగేవాడు. ఆమె పిల్లలతో ఇంట్లో ఉండేది. గల్లీ అంతా ఆమెను తెల్లమ్మ అనేవాళ్లు.

పాపం, ఆమె తిప్పలు చూడాలి. చెరకు ఆడే రోజులు కావడంతో ఫ్యాక్టరీ పొగగొట్టం నుంచి మసి రాలుతూ ఉండేది. ఉతికి దండెం మీద వేసిన పిల్లల బట్టలన్నీ సాయంత్రానికి నల్లచుక్కలు పడేవి. ఆమె మళ్లీ బకెట్ ముందు కూర్చునేది. చెంచాతో ఏదో పెట్టబోతే పిల్లలు పళ్లు బిగించేవాళ్లు. చివరికి అవ్వ దగ్గర కూర్చుని పప్పూ బువ్వా చేత్తో పిసకడం నేర్చుకుంది. మొదట్లో ముద్ద నోటికి చేరేలోపు సగం ఆమె ఒళ్లోనే పడేది. మా అవ్వ నవ్వాపుకోలేకపోయేది.

మా గల్లీలో పిల్లలు ఒక ఇంటివాళ్ల సొత్తు కాదు. పిల్ల కనబడితే చంకనెత్తుకోవాలి, ఎత్తుకున్నాక ఏదో ఒకటి నోట్లో పెట్టాలి, పెట్టకపోతే అదో లోటు. తెల్లమ్మ పిల్లలూ అట్లాగే పొద్దున ఒకరింట్లో తేలితే మధ్యాహ్నం ఇంకొకరింట్లో ఉండేవాళ్లు. ఎవరు చేతులు చాపినా ఎక్కేవాళ్లు. ఏడుపన్నది లేదు. "ఎంత మంచి పిల్లలో! అందరి దగ్గరికి వస్తరు" అని గల్లీ అంతా మురిసిపోయేది.

ఆ మెప్పు నాకూ ఉండేది. అమ్మ పోయినప్పటి నుంచి నేను ఎవరింట్లో పిలిస్తే వాళ్లింట్లో తినేదాన్ని, నిద్రొస్తే అక్కడే పడుకునేదాన్ని. ఎక్కువగా పక్కింటి అక్క దగ్గర. "బంగారు పిల్ల, యాడ వెట్టినా ఉంటది, సతాయించది" అనేవాళ్లు. అమ్మను పాడె మీద ఇంట్లోంచి ఎత్తుకుపోయినప్పుడు కూడా నేను ఏడవలేదు. ధైర్యమేమీ కాదు. ఏమీ అనిపించలేదు, అంతే. అన్నం రుచి తెలిసేది కాదు, దెబ్బ తగిలితే నొప్పి కూడా ఎక్కడో దూరంగా ఉన్నట్టుండేది. తెల్లమ్మ కూతురు నా చంకలో బరువుగా కూర్చుని ఉండేది. నేను దాన్ని మోసుకు తిరిగేదాన్ని. దానికీ నాకూ మాటల్లేవు.

ఒకరోజు పక్కింటి అక్క ఆ పిల్లకు ముద్ద పెడుతుంటే తెల్లమ్మ మెట్లు దిగి వచ్చి, పిల్లను ఒళ్లోంచి తీసుకుని, వచ్చీరాని తెలుగులో "వద్దు. నేను" అంది. అంతే, మేడ మీదికి పోయి తలుపు వేసుకుంది. ఇంకేముంది, గల్లీ భగ్గుమంది. పిల్ల నోటి దగ్గరి ముద్దను వద్దనడం మా దగ్గర చిన్న అవమానం కాదు. పక్కింటి అక్క మూతి ముడుచుకుంది. మా అవ్వకూ కాలింది. "మా చేతులకేమన్న రోగమున్నదా? బువ్వ వెడితె తప్పా?" అని మేడ దిక్కు చూసి గట్టిగానే అంది. తెల్లమ్మకు పంపే పెరుగు కూడా బంద్ చేసింది.

అట్లా కొన్నాళ్లు నడిచాక ఒక పొద్దున ఆ ఆడపిల్ల మెట్ల మీద బోర్లా పడింది. పెదవి చిట్లి నెత్తురొచ్చింది. తెల్లమ్మ చేతులు చాపి ఉరికి వచ్చింది. పిల్ల లేచి, ఆమెను దాటుకుని, వాకిట్లో నిలబడ్డ పాలాయన దగ్గరికి పోయి చేతులెత్తింది. ఆయన పాలు పోయడానికి కొత్తగా వచ్చిన మరాఠీ మనిషి, మా గల్లీలో అడుగుపెట్టడం అదే మొదలు. ఏం తెలుసు ఆయనకు, "అరెరే" అంటూ ఎత్తుకున్నాడు. పిల్ల నెత్తురు కారే పెదవితో ఆయన చంకలో నిమ్మళంగా కూర్చుంది, ఏడవలేదు. తెల్లమ్మ మెట్టు మీద కూలబడి ఆ ఇద్దరి దిక్కే చూస్తూ ఉండిపోయింది.

అవ్వ చేతిలోని బీడీ చుట్టకుండానే ఉండిపోయింది. పక్కింటి అక్కతో అంది: "దెబ్బ తాకితె పిల్ల అమ్మ దిక్కు ఉరుకుతది. గీ పిల్లకు యాడికి ఉరకాల్నో తెల్వదే. మనం గిట్ల అందరం ఎత్తుకుంటుంటె ఇంకెప్పుడు తెలుస్తది?"

మర్నాటి నుంచి అవ్వ బీడీల చాట మెట్ల కిందికి మారింది. ఎవరొచ్చినా ఒకటే అబద్ధం, "పండుకున్నరు, మల్ల రాండ్రి." పైనుంచి పిల్లల కేరింతలు వినబడుతున్నా అదే మాట, కొంచెం గట్టిగా. పక్కింటి అక్క మురుకులు తెస్తే తీసుకుని, తెల్లమ్మ చేతిలో పెట్టి, "నువ్వే వెట్టు బిడ్డా" అనేది. పిల్లలు కిందికి దిగి అవ్వ ముందు చేతులెత్తితే మాత్రం ఆమెకు పానం ఆగేది కాదు. తన చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, గడ్డంతో తెల్లమ్మను చూపించేది. పిల్లలను ఎత్తుకోవద్దని నాతోనూ అంది. సరేనన్నాను. నా చంక ఖాళీ అయినా నాకేమీ అనిపించలేదు.

కొన్ని నెలలకు కాగితాలు వచ్చాయి. జీపు గల్లీ మొదట్లో ఆగింది. అందరూ సాగనంపడానికి వచ్చారు. పక్కింటి అక్క పాత కోపం మరిచిపోయి, ఒక్కసారి ఎత్తుకుంటానని ఆడపిల్ల దిక్కు చేతులు చాపింది. పిల్ల గిరుక్కున తిరిగి, తెల్లమ్మ మెడ రెండు చేతులా కరుచుకుని, గల్లీ దద్దరిల్లేలా ఏడుపు అందుకుంది. దాన్ని చూసి మగపిల్లవాడూ మొదలుపెట్టాడు. పక్కింటి అక్క మొహం చిన్నబోయింది. అవ్వ మాత్రం "ఏడ్వనియ్యి! ఏడ్వనియ్యి!" అంటూ చప్పట్లు కొట్టింది. ఆమె కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. తెల్లమ్మ నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. జీపు పోయింది.

మధ్యాహ్నం ఎప్పటిలాగే నేను పక్కింటి అక్క ఇంట్లో పళ్లెం ముందు కూర్చున్నాను. అవ్వ వచ్చి గడపలో నిలబడింది.

"ఇంటికి నడువు."

"ఈడనే తింట."

"ఇగ నుంచి ఈడ లేదు, యాడ లేదు. నడువు."

రెక్క పట్టుకుని తీసుకొచ్చి, కూర్చోబెట్టి, పప్పూ బువ్వా కలిపి నోటి ముందు ముద్ద పెట్టింది. అంత పెద్ద పిల్లనైన నాకు ముద్దలు తినిపించడమేమిటి! ఎక్కడి నుంచి వచ్చిందో కోపం, ఆ చెయ్యి విసిరికొట్టాను. బువ్వ గచ్చంతా పడింది. "నీ బువ్వ నాకొద్దు. నువ్వు మా అమ్మవా?" అని అరిచాను. అరుస్తూనే ఏడ్చాను. బాపు డ్యూటీ దిగి వచ్చేదాకా ఆ ఏడుపు ఆగలేదు. అవ్వ కిందపడ్డది ఎత్తి, చెయ్యి కడుక్కుని, పళ్లెంలో మిగిలిన దాంట్లోంచి మళ్లీ కలిపింది.

ఆ ఒక్క రోజుతో నేను బాగైపోయానని చెప్పను. ఇప్పటికీ చావింటికి పోతే నాకు కన్నీళ్లు రావు, రాతిగుండెదని చుట్టాలు చాటున అనుకుంటారు. అనుకోనీ. కానీ మనవరాలు నా చెయ్యి విసిరికొట్టి, నీ బువ్వ నాకొద్దు పో అని అరిచినప్పుడు కోడలు దాన్ని కొట్టబోతే, నేను అడ్డం పడతాను. నాకు కోపం రాదు. ఇంకో ముద్ద కలుపుతాను.