గ్లాసులో నీళ్ళు కదలకూడదు

సిగ్గులేదని నిన్న నన్ను నలుగురిలో అన్నావు చిన్నమావా. ఉందో లేదో తర్వాత తేల్చుకుందాం. మీ అన్న పోయి ఇంకా పెద్దకర్మ కాలేదు, ఇంట్లో మైల ఉంది, నేను ఆయన మిషను ఆడించాను. నిజమే. ఈ రోజు కూడా ఆడిస్తాను. ఎందుకో నిన్న నువ్వు చెప్పనివ్వలేదు. అందుకే చదివేవాళ్ళకి చెప్పుకుంటున్నాను.

ఆయన నా మావ, రాయగడలో రైలుకట్ట పక్కన రేకుల షెడ్డులో ఉంగరాల రాళ్ళకి సానపట్టేవాడు. పోయిన రోజు పొద్దున్నే పని మొదలెట్టి, ఛాతీలో నొప్పని కూర్చుండిపోయాడు. ఆస్పత్రి గేటు దాటకముందే, ఆటోలో, నా భుజం మీద తల పెట్టుకుని పోయాడు. నాకు రక్తసంబంధం కాదు. రెండు కుటుంబాలూ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవి, ఒకే వీధి. అందుకని మావ.

ఎనిమిదిలో బడి మానేశాక నేను ఎక్కడా నిలవలేదు. డొరగుడలో కాంట్రాక్టు పని, కోరాపుట్‌లో హోటలు, నందపూర్ సంతలో మూటలు దించడం. ఎక్కడున్నా కొన్నాళ్ళకి ఊపిరాడదు, వచ్చేస్తాను. వచ్చినప్పుడల్లా ముందు షెడ్డుకే వెళ్ళేవాణ్ణి. మావ తల ఎత్తకుండానే అనేవాడు.

"వచ్చేవేట్రా? నీ కాళ్ళ కింద బేరింగులున్నాయేటి?"

"ఉంటే తీసి నీ మిషన్లో ఎయ్యి మావా, బాగా తిరుగుతాయి."

"వొద్దురా నాయినా. నా మిషను ఒక్కదగ్గరే తిరుగుతాది."

పాత షెడ్డు వానకి కూలిపోయాక మిషన్ని ఈ రైలుకట్ట పక్కకి మార్చినప్పుడు నేను ఊళ్ళోనే ఉన్నాను. ఒక మోటారు, బెల్టు, ఇరుసు, దాని మీద పళ్ళెంలా తిరిగే సాన చక్రం. ఇంతే కదా, పూటలో బిగించేద్దామన్నాను. మావ వినలేదు. ముందు సిమెంటు దిమ్మ కట్టించాడు. అది ఆరేదాకా నేను దాని చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. తర్వాత లారీ టైరు ముక్కలు కోసి మోటారు కింద పెట్టాం. బెల్టు ఎక్కించాక మావ నా బొటనవేలు పట్టుకుని దాని మీద నొక్కించాడు.

"ఇదిగో, ఇంత లోపలికి పోవాల. మరీ బిగించీసేవనుకో, బేరింగు ఏడుస్తాది. వొదులుగా వొదిలీసేవనుకో, బెల్టు జారిపోతాది."

చక్రం పైన నీళ్ళ డబ్బా వేలాడదీసి, దానికి సెలైన్ గొట్టం తగిలించాడు. రాయి పెట్టినప్పుడు చక్రం మీద చుక్కచుక్కగా నీళ్ళు పడుతూ ఉండాలి. పొడిగా అరగదీస్తే రాయి వేడెక్కి పగులుతుంది. ఆ పొడి మన ఊపిరిలోకి కూడా పోతుంది.

అన్నీ అయ్యాక స్టీలు గ్లాసు నిండా నీళ్ళు పోసి దిమ్మ మీద పెట్టి, మీట నొక్కాడు. నీళ్ళ మీద సన్నగా వణుకు. ఆపాడు. మోటారు ఒక మూల కొంచెం ఎత్తి రేకుముక్క తోశాడు. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ వణుకు. నాకు విసుగొచ్చి బయటికెళ్ళి, టీ తాగి, వీధి చివరిదాకా నడిచి వచ్చాను. ఇంకా అదే పని. చీకటి పడేవేళకి చక్రం గిర్రున తిరుగుతోంది, గ్లాసులో మాత్రం షెడ్డు బల్బు నీడ కదలకుండా కనిపిస్తోంది. "సూసేవా," అన్నాడు. అంతే. ఆ గ్లాసు ఇక అక్కణ్ణుంచి కదల్లేదు.

గూడ్సు బండి దూరంగా ఉండగానే, మన చెవిన పడకముందే, ఆ నీళ్ళు వణికేవి. మావ రాయి అంటించిన కర్రని చక్రం మీంచి పైకెత్తి, రెండో చేత్తో మోటారు ఆపేసేవాడు. నేల అదిరేటప్పుడు రాయి ఆనిస్తే గాటు పడుతుంది. బంగారం కొట్లవాళ్ళు వచ్చి తొందరపెడితే "రొహ, రొహ," అని ఒడియాలోనే ఆపేవాడు. బడిలో పిల్లాడిలా చెయ్యెత్తుకుని కూర్చున్న ఆయన్ని చూసి వాళ్ళు నవ్వేవాళ్ళు. బండి వెళ్ళిపోయినా చెయ్యి దించేవాడు కాదు.

"బండెలిపోనాది కదా మావా."

"నేల సర్దుకోనీరా."

మిషను మోతలో మాటలు వినపడవు. బండి మోతలో అసలే వినపడవు. నేల సర్దుకునే ఆ కాసేపట్లోనే మావ నాతో మాట్లాడేవాడు. ఆయన గురించి నాకు తెలిసిందంతా అలా ముక్కలు ముక్కలుగా తెలిసిందే. అత్త పోయాక వంట ఎలా నేర్చుకున్నాడో. గుణుపూర్‌లో పొలం పనులు వదిలి కూతురు రాలేకపోవడం. "అమ్మి వొచ్చీమంటాది. నానెల్తే దీన్ని ఎవుడాడిస్తాడు?" అని మిషను వైపు చూసేవాడు. నా వైపు చూసేవాడు కాదు. నేను నిలవనని ఆయనకి తెలుసు.

పని ఉన్నా లేకపోయినా సాయంత్రం కాసేపు మిషన్ని ఒట్టినే ఆడించేవాడు. రాతి బురదనీళ్ళు ఇరుసు సందుల్లో చేరతాయి. అలాగే వదిలేస్తే బేరింగు పట్టేస్తుంది. రాయి పెట్టకుండా తిప్పితే ఆ తడి చిమ్మిపోతుంది. ఆ తర్వాత గుడ్డతో తుడిచి, వేలితో గ్రీజు పూసి, పసిపిల్లకి దుప్పటి కప్పినట్టు గోనె కప్పేవాడు. పండగైనా అంతే, జ్వరమొచ్చినా అంతే.

ఆయన పోయిన రోజున ఎవరూ గోనె కప్పలేదు. చక్రం తడిగానే ఉండిపోయింది. సగం సానపట్టిన గోమేధికం లక్కతో కర్రకి అంటుకునే ఉంది. అందుకే నిన్న సాయంత్రం వెళ్ళి ఆడించాను. చిన్నమావ పరిగెత్తుకొచ్చాడు.

"ఒరే, మైలింట్లో మిషనాడిస్తావేట్రా? సిగ్గునేదా?"

"బేరింగు పట్టేస్తాది సిన్నమావా."

"పట్టీనీ. దినం అయిపోగానే పాతినుము వోడికి ఇచ్చీడమే. మజ్జిన నీకేటి? నాల్రోజులుండి ఎలిపోయీవోడివి."

వీధంతా చూస్తోంది. అప్పుడు మావ కూతురు షెడ్డు పక్కనున్న వాళ్ళ ఇంటి గుమ్మంలోకి వచ్చింది. నాకంటే పెద్దది, వదినా అంటాను. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"నాన్నే అనుకున్నాను," అంది.

ఆడించమనలేదు. ఆపమనలేదు. చిన్నమావ మీట నొక్కి ఆపేశాడు. చక్రం తనంతట తాను తిరిగి తిరిగి ఆగేదాకా ముగ్గురం అలాగే చూశాం.

చిన్నమావా, నేను నిలుస్తానో లేదో నాకూ తెలీదు. కానీ దాన్ని పాతినుముకి ఇచ్చేస్తే ఇంక ఈ ఊరికి నేను తిరిగి రావడానికి ఏమీ ఉండదు. ఎక్కడికెళ్ళినా వెనక ఆ చప్పుడు ఉందనే వెళ్ళాను.

ఇది షెడ్డు కనిపించే మా అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. ఇందాక గూడ్సు వెళ్ళింది. చూసుకుంటే పెన్ను కాగితం మీంచి ఎత్తి పట్టుకుని ఉన్నాను. బండి పోయింది. నేల సర్దుకుంది. మాట్లాడేవాళ్ళే లేరు.

ఆగండి. మిషను తిరుగుతోంది.

నేనిక్కడే ఉన్నాను. చిన్నమావ బజారుకెళ్ళడం నేను చూశాను. మరి ఎవరు? షెడ్డు తలుపు తీసే ఉంది. లోపల వదిన. ఆ గోమేధికం కర్ర చేత్తో పట్టుకుని, చక్రం మీద దించాలో వద్దో తెలీక, చెయ్యి అలాగే పైకెత్తుకుని నిలబడింది, అచ్చం వాళ్ళ నాన్నలాగే. గొట్టంలోంచి నీళ్ళు వదల్లేదు, చక్రం పొడిగా తిరుగుతోంది. నేను వెళ్ళాలి.