మేడమ్ గారి మొదటి జాడీ

మా జువాలజీ మేడమ్ పోయారు. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున నేను దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు దిగి కాలేజీకి నడుస్తుంటే సార్, అంటే మేడమ్ భర్త, ఫోన్ చేశారు. "అమ్మాయ్, మీ మేడమ్ ఇక లేదు" అన్నారు. పండ్ల బండి ఆయన "జర పక్కకు జరుగమ్మా" అనేదాకా రోడ్డుకు అడ్డంగా నిలబడ్డానని కూడా నాకు తెలియలేదు.

పేపర్లో ఫోటో పడేంత పెద్ద మనిషి కాదు ఆవిడ. ఏళ్ల తరబడి ఎంసెట్ పిల్లలకు కప్ప గుండెలో ఎన్ని గదులుంటాయో చెప్పి గట్టెక్కించిన మనిషి, అంతే. ఆవిడ గురించి నేను రాయకపోతే ఇంకెవరూ రాయరు. పైగా నేను ఆవిడకు చేసిన ఒక పని ఉంది. అది దాచిపెట్టి ఆవిణ్ణి మెచ్చుకుంటూ కూర్చుంటే నాకే సిగ్గుగా ఉంటుంది.

మాది కర్మన్‌ఘాట్. మా తాత వరి పండించిన చోటే మా నాన్న రెండంతస్తుల ఇల్లు కట్టాడు. నేను ఇంటర్ చదివేటప్పుడు మేడమ్, సార్ మా పై వాటాలో కిరాయికి దిగారు. వాళ్లది భీమిలి. సామాను లారీలో వచ్చింది కానీ నాలుగు పెద్ద గాజు జాడీల్ని మాత్రం మేడమ్ పాత చీరల్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని ఆటోలో తెచ్చుకున్నారు. మా అమ్మ చాలా సంతోషపడింది. ఆంధ్ర టీచరమ్మ జాడీలు తెచ్చిందంటే ఆవకాయకు లోటుండదని ఆమె లెక్క. కొన్నాళ్లకు పైకి వెళ్లి చూస్తే వెనక బాల్కనీలో నాలుగు జాడీల నిండా ఉప్పునీళ్లు, అందులో బుడబుడమని గాలి బుడగలు.

"ఏంది టీచరమ్మా గివి? ఏం పెంచుతున్రు ఇండ్ల?"

"నత్తపిల్లలండీ. సముద్రపు నత్తలవి. కంటికి కనపడవు."

"కంటికి కనవడని దానికి ఇంత పరేషానా?" అని మా అమ్మ బుగ్గలు నొక్కుకుంటూ కిందికి వచ్చేసింది.

నేను మాత్రం అక్కడే ఉండిపోయాను. మేడమ్ భీమిలి రాళ్ల మీంచి నత్తగుడ్లను రాతిముక్కతో సహా తెచ్చేవారు. వడ్లగింజల్ని పక్కపక్కన నిలబెట్టినట్టు ఉండేవి అవి. ఆ గుడ్లు పగిలి పిల్లలు నీళ్లలోకి వచ్చేవి. ఉప్పుకల్లు కంటే చిన్నవి. మైక్రోస్కోపులో చూస్తే ఒక్కోదానికి అద్దంలాంటి బుల్లి గుల్ల, రెండు చెవుల్లాంటి రెక్కలు, వాటి అంచుల్లో గిరగిరా తిరిగే నూగు. నేను మొదటిసారి చూసినప్పుడు ఎగిరి గంతేసినంత పని చేశాను. నా ఊపిరికి అద్దం మసకేసింది. "ఊపిరి బిగబట్టి చూడవే అమ్మాయ్" అన్నారు మేడమ్. ఆ మాట ఆవిడ నోటి నుంచి నేను కనీసం వెయ్యిసార్లు విని ఉంటాను.

మొదటి జాడీలో మామూలు సముద్రపు నీళ్లు. రెండోదాంట్లోకి వంటసోడా, నిమ్మరసం కలిపి పుట్టించిన కార్బన్ డై ఆక్సైడ్‌ను సన్నటి గొట్టంతో పంపేవారు. మూడోదాంట్లో చేపల తొట్టి హీటరు. నాలుగోదాంట్లో ఆ వాయువు, ఆ వేడి రెండూ. మన పొగంతా గాలిలోకి పోయి ఊరుకోదట, అందులో కొంత సముద్రం మింగుతుందట. మింగిన కొద్దీ నీళ్లు పులుపెక్కుతాయి, గాలిలో మిగిలిన పొగ వేడిని పట్టి ఉంచడంతో వేడెక్కుతాయి కూడా. పెద్ద నత్త ఎలాగో తట్టుకుంటుంది. ఈ పసిగుడ్లకు మాత్రం గుల్ల కట్టుకోవడానికి సున్నం దొరకదు, కట్టుకున్నది కూడా కరుగుతుంది. రెండో జాడీ పిల్లల గుల్లల అంచులు కొరికినట్టు ఉండేవి. నాలుగోదాంట్లో సగం పిల్లలు ఈత రాకుండానే అడుగున పడి ఉండేవి. అవి చూసిన రోజు మేడమ్ సరిగా అన్నం తినేవారు కాదు.

పెళ్లి, సార్ బదిలీలు, అత్తగారి మంచం, ఇన్నిటి మధ్య ఆగిపోయిన పీహెచ్‌డీ అది. యూనివర్సిటీ ఇచ్చిన ఆఖరి గడువు, నేను డిగ్రీలో చేరిన ఏడాది డిసెంబరు. గుడ్లు దొరికే కాలం దాటితే మళ్లీ ఏడాది ఆగాలి, ఆ ఏడాది ఆవిడకు లేదు.

ఆ ఏడాదే ఊరంతా తెలంగాణ సమ్మెలో ఉంది. మా అన్న ఎల్బీనగర్ చౌరస్తాలో వేసిన దీక్షా టెంటులోనే కాపురం పెట్టాడు. బొగ్గు గనులు ఆగాయి, కరెంటు కోతలు మొదలయ్యాయి. జాడీల్లోకి కొత్త నీళ్లు కావాలని మేడమ్ రెండు రోజుల కోసం భీమిలి బయల్దేరారు. సార్ అప్పుడు బదిలీ మీద వేరే ఊళ్లో ఉండటంతో తాళంచెవి నా చేతిలో పెట్టారు.

"మిగతావాటికి ఏమైనా పర్లేదమ్మాయ్, మొదటి జాడీ జాగ్రత్త. అది బాగుంటేనే మిగతావాటికి ఏమైందో చెప్పగలను" అన్నారు.

ఆవిడ వెళ్లాక బస్సులు ఆగాయి, రైళ్లు ఆపారు. రెండు రోజులు కాస్తా ఆరు రోజులైంది. మూడో రోజు మధ్యాహ్నం కరెంటు పోయి గాలి మోటారు ఆగింది. జాడీల్లో బుడగలు ఆగిపోయాయి. గాలి లేక పిల్లలన్నీ చచ్చిపోతాయని నాకు ఏడుపొచ్చింది. వంటింట్లో కొబ్బరిబోండం గొట్టం కనిపించింది. దాన్ని మొదటి జాడీలో ముంచి నోటితో ఊదాను. గంటసేపు ఊదాను, కళ్లు తిరిగాయి. అప్పుడే టెంటు నుంచి అన్నానికని వచ్చిన మా అన్న నన్ను వెతుక్కుంటూ పైకి వచ్చాడు.

"ఏం చేస్తున్నవే? ఆళ్ల సముద్రం నీళ్లకు నువ్వు కావలి ఉంటున్నవా?" అని నవ్వాడు. నా ముఖం చూసి నవ్వు ఆపేశాడు. "సరే, నువ్వు కూసో. జరసేపు నేను ఊదుత" అని గొట్టం తీసుకున్నాడు. మెడలో గులాబీ కండువా, చేతిలో కొబ్బరిబోండం గొట్టం. కోత ఉన్నప్పుడల్లా, మూడు రోజులు, ఇద్దరం వంతులు వేసుకుని ఊదాం. ఎంత మంచి పని చేశామో అనుకున్నాం.

ఏడో తరగతిలో సున్నపు తేటలోకి ఊది, అది తెల్లబడటం చూసి, మనం వదిలే ఊపిరిలో ఉండేది కార్బన్ డై ఆక్సైడ్ అని రాసి మార్కులు కూడా తెచ్చుకున్నదాన్ని. ఆ మూడు రోజుల్లో ఒక్కసారి కూడా అది గుర్తు రాలేదు.

మేడమ్ రెండు డబ్బాల నీళ్లు మోసుకుని వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా మైక్రోస్కోపు ముందు కూర్చున్నారు. చాలాసేపు చూశారు. మొదటి జాడీ పిల్లల గుల్లలు రెండో జాడీవాటిలాగే అంచులు తినేసి ఉన్నాయి. నీళ్లు పులిశాయి. ఎందుకో ఆవిడకు అర్థం కాలేదు. నేను ఏమీ చెప్పకుండా తాళంచెవి ఇచ్చేసి కిందికి వచ్చేశాను. నీళ్లు పులిశాయన్నప్పుడే ఆ సున్నపు తేట గుర్తొచ్చింది, తప్పు ఎక్కడ జరిగిందో నాకు తెలిసిపోయింది.

మర్నాడు ఆవిడతో పనిచేసే ఇంకో లెక్చరరు వచ్చారు. ఆయనదీ ఆంధ్రే. నేను మెట్ల మీద ఉన్నాను. "ఓనరు కొడుకు ఉద్యమంలో తిరుగుతున్నాడు కదండీ. మీరు లేనప్పుడు ఏం కలిపాడో ఏమో. ముందు ఇల్లు మారండి. మీరు లేని ఆ ఆరు రోజులు లెక్కలోంచి తీసేసి థీసిస్ ఇచ్చేయండి, ఎవరు చూడొచ్చారు?" అంటున్నారు ఆయన.

నేను లోపలికి వెళ్లి మొత్తం చెప్పేశాను. చెబుతూ చెబుతూ వెక్కిళ్లు పెట్టాను. వెనకాలే మా అన్న వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "నేను గూడ ఊదిన మేడమ్. మీ మీదొట్టు, ఇంకేం కలపలే" అన్నాడు.

మేడమ్ మమ్మల్నిద్దర్నీ చూశారు. తిడతారనుకున్నాను. లేచి నోటుబుక్కు తెచ్చుకుని పెన్ను తీశారు.

"ఎంతసేపు ఊదారు?"

రోజుకు ఎన్ని గంటలు, ఎవరు ఎంతసేపు, గొట్టం ఎంత లోతుకి ముంచాం, అన్నీ అడిగి రాసుకున్నారు. తర్వాత ఆ లెక్చరరు వైపు తిరిగారు. "నీళ్లు ఏం చెబితే అదే రాయాలండీ. తీసేయడానికి నేనెవర్ని?" అన్నారు. నాతో మాత్రం, "ఊపిరి చెడ్డది కాదే. పోయే దారి లేని చోట పోశారు, అంతే" అన్నారు. వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పారు. ఆ కుళాయి చాలాసేపు అలా పారుతూనే ఉంది. ఆవిడ ఏడుస్తున్నారని మా ముగ్గురికీ తెలుసు.

థీసిస్ ఆగిపోయింది. ఆవిడ పేరు ముందు డాక్టర్ అనే మాట రాలేదు. ఇల్లు మాత్రం మారలేదు. రాష్ట్రం వచ్చిన రోజు మా అన్న మిఠాయి డబ్బా ముందు పై వాటాకే తీసుకెళ్లాడు. మేడమ్ ఒక ముక్క తీసుకుని, "ఏం నాయనా, ఊది ఊది సాధించారా?" అన్నారు. ఆ సంగతి మీద ఆవిడ ఇన్నేళ్లలో ఆడిన పరాచికం అదొక్కటే. నాకు నవ్వు రాలేదు.

ఆవిడ దగ్గర చదువుకునే నేను జువాలజీ లెక్చరర్నయ్యాను. ఏటా పిల్లల చేత, పులుపు తగిలితే రంగు మారే నీళ్లలోకి ఊదిస్తాను. రంగు మారగానే వాళ్లు చప్పట్లు కొడతారు, నేను వెనక్కి తిరిగి బోర్డు తుడుస్తాను. క్షమించమని ఆవిణ్ణి ఒక్కసారైనా అడగాలనుకున్నాను. తర్వాత ఎల్బీనగర్‌లో వాళ్లు కొనుక్కున్న ఫ్లాటుకు పోయిన ప్రతిసారీ ఉప్మా తిని, కాలేజీ కబుర్లు చెప్పి వచ్చేశాను. ఇక అడగడానికి మనిషి లేరు.

పదకొండో రోజున సార్ నన్ను లోపలికి పిలిచి మైక్రోస్కోపు పెట్టె ఇచ్చారు. "నీకివ్వమంది" అన్నారు. అందులో మైక్రోస్కోపు పక్కన, దూది మధ్య ఒకే ఒక గాజు పలక ఉంది. దాని చివర అంటించిన కాగితం మీద చీమల్లాంటి ఆవిడ అక్షరాలు. "మొదటి జాడీ. పిల్లలిద్దరూ బతికించాలని ఊదినది."

మైక్రోస్కోపును వెనక బాల్కనీలోకి తీసుకెళ్లి, వెలుగులో ఆ పలక పెట్టి చూశాను. అద్దంలాంటి బుల్లి గుల్ల, దాని అంచంతా కొరికేసినట్టు ఉంది. చూస్తుండగానే అద్దం మసకేసింది. కొంగుతో తుడిచి, ఊపిరి బిగబట్టి మళ్లీ చూశాను.