నిండు కండె

గంగన్న ఎడమ మణికట్టు విరిగిన సంగతి క్యాంపులో అందరికీ తెలుసు. అది సరిగ్గా అతుక్కోలేదన్న సంగతి మాత్రం ఒకే రూమ్‌లో ఉండే నాకొక్కడికే తెలుసు. కట్టు విప్పి నెల దాటినా చాయ్ గ్లాసు కుడిచేత్తోనే పట్టుకునేవాడు. ఎడమచేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎవరో దాచమని ఇచ్చిపోయిన వస్తువులా చూసుకునేవాడు.

అది తొంభై ఒకటో సంవత్సరం. ఒమాన్‌లో సలాలా పక్కన రైసూత్‌లో మా కంపెనీ గోదాములు కడుతోంది. నేను స్టోర్ కీపర్ని. గంగన్నది సిరిసిల్ల, పని స్కాఫోల్డింగ్. పైనుంచి పైపు జారి చేతిమీద పడింది. డాక్టరు తేలిక పని రాసిచ్చాడు కాబట్టి డ్యూటీకి ఇబ్బంది రాలేదు. అతని దిగులంతా శుక్రవారం గురించి.

శుక్రవారం సెలవు. మిగతావాళ్ళు నిద్రపోయేవారు, బట్టలు ఉతుక్కునేవారు, వీసీఆర్ ముందు కూర్చునేవారు. గంగన్న, కంపెనీ బస్సు నడిపే కడప ఫక్రుద్దీన్ మాత్రం తెల్లారేసరికి సముద్రంలోకి చొచ్చుకుపోయిన రాళ్ళగట్టు మీద ఉండేవారు. ఎర గుచ్చి కూర్చునే గాలం కాదు వాళ్ళది. వేలెడంత మెరిసే ఇనుపముక్క, కొసన కొక్కెం. దాన్ని చెంచా అనేవారు. రాడ్డుతో దూరంగా విసిరి, దానికి బిగించిన రీలు పిడి తిప్పి తంగూసు అనే నైలాన్ దారాన్ని చుట్టుకుంటూ చెంచాను నీళ్ళలో పరుగెత్తించాలి. పారిపోయే చిన్నచేప అనుకుని కనద్ దాన్ని తరిమి పట్టుకుంటుంది. మన కోస్తావాళ్ళు వంజరం అంటారే, అదే కనద్. చెంచా మెల్లగా వచ్చిందంటే వెంట వస్తుంది, చూస్తుంది, వెనక్కి మళ్ళిపోతుంది.

అక్కడ ఖరీఫ్ అనే వానాకాలం మూడు నెలలూ సముద్రం దగ్గరికి పోవడానికి లేదు. అవి వెళ్ళాక గంగన్న మళ్ళీ గట్టెక్కాడు. నేనూ వెంట పోయి ఒక బండమీద పుస్తకం తెరుచుకుని కూర్చున్నాను. పాత రీలుతో పదిసార్లు విసిరాడు. అది చిన్న పిడి. వేగం కావాలంటే మణికట్టు గిరగిరా తిరగాలి. పదకొండోసారి చెంచా సగం దూరంలో ఉండగా చేయి నెమ్మదించింది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. చెంచా వెనక ఒక పొడుగాటి నీడ వచ్చి, కొంచెంసేపు దానితోపాటు నడిచి, పక్కకి తిరిగిపోయింది.

"ఏందప్పా గంగన్నా, చేప నీకు సలాం చెప్పి పోతాంది?" అన్నాడు ఫక్రుద్దీన్.

"నాకు గాదు భాయ్, నా చేతికి చెప్పింది. ఇగ ఇది అయ్యేటట్టు లేదు. ఈ రాడ్డు నువ్వే తీస్కపో."

ఆ మాటకు ఫక్రుద్దీన్ నవ్వలేదు. నేను పుస్తకం మూశాను. ఆరు రోజులు ఎవరో చూపించిన చోట ఎక్కి, దిగమన్నప్పుడు దిగే మనిషి గంగన్న. చెంచా ఎక్కడ విసరాలో, ఎప్పుడు తియ్యాలో తనే అనుకుని తనే చేసే పొద్దు వారానికి అదొక్కటే. అది కూడా పోయాక శుక్రవారం అతను రూమ్‌లో ఏం చేస్తాడో ఊహించలేకపోయాను.

"వేగం చేతిది గాదప్పా, రీలుది," అన్నాడు ఫక్రుద్దీన్. "నాది ఆరు నంబరు. పిడి ఒక్కతూరి తిప్పితే ముందర చక్రం ఆరుతూర్లు తిరుగుతాది. నీది నాలుగే. కొత్తది కొనుక్కో, ఆమైన రాడ్డు సంగతి మాట్లాడదాం."

మరుసటి గురువారం సాయంత్రం గంగన్న, నేను సలాలా వెళ్ళాం. గాలం సామాను దుకాణంలో కౌంటర్ దగ్గర హైదరాబాద్ కుర్రాడు ఫుర్ఖాన్ ఉండేవాడు. అడగకముందే నల్లటి చిన్న రీలు తీసి ముందు పెట్టాడు. డబ్బాలో కాగితం ఉంటే నేను చదివాను. అక్షరాల కంటే అంకెలు స్పష్టంగా ఉన్నాయి. "ఆరుకి పైనే ఉంది గంగన్నా. ఇక వేరే చూడక్కర్లేదు," అని తేల్చేశాను.

గంగన్న ఎడమచేత్తో పిడి తిప్పాడు. నాలుగు తిప్పులకే కింది పెదవి పళ్ళమధ్యకు పోయింది. "మంచిగనే ఉంది సారూ," అని దాన్ని కింద పెట్టాడు. అతని కళ్ళు అద్దాల బీరువా అడుగు అరలో ఉన్న దుమ్ముపట్టిన పెద్ద రీలు మీద ఉన్నాయి. దాని పిడి జానెడు పొడుగుంది.

"వో నక్కో చాచా, అది వద్దు," అన్నాడు ఫుర్ఖాన్. "నాలుగున్నర నంబర్. ముగ్గురు తీస్కపోయిన్రు, ముగ్గురూ వాపస్ తెచ్చిన్రు. స్లో అంటున్నరు."

గంగన్న దాన్ని తీయించి, చుట్టి ఉన్న తంగూసు మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. వేలు అంచు కిందికి లోతుగా దిగింది.

"దీనికి ఎంత తంగూసు చుట్టినవ్?"

"అన్నిటికీ ఒకటే. వంద మీటర్ల డబ్బా."

"దీని పొట్టకు వంద మీటర్లు ఏడికి సాలుతయ్ బిడ్డా?" అని నావైపు తిరిగాడు. "సారూ, మా అవ్వ నూలు కండెలు చుడుతుంటే రాట్నం తిప్పేటోణ్ణి నేను. ఉత్త కండె మీద ఒక్క తిప్పుకు జానెడు నూలెక్కితే, కండె లావైనంక గదే తిప్పుకు రెండు జానెలు ఎక్కుతది. చెయ్యి గదే, చక్రం గదే."

నేను తంగూసు కొస పట్టుకుని దుకాణం గడపలో నిలబడ్డాను. గంగన్న ఒక దారప్పోగు గుర్తుగా కట్టి, పిడి ఒక్కసారి తిప్పి, ఆ గుర్తు రీలు వైపు జరిగినంత దూరం మోచేతితో కొలిచాడు. చిన్న రీలు మూరన్నర మీద నాలుగు వేళ్ళు. పెద్దది సరిగ్గా మూరన్నర.

"బోలా నా? చెప్పిన గదా," అన్నాడు ఫుర్ఖాన్.

"ఆగరాదు. నీ దగ్గర పడేసే తంగూసు ఉందా?"

ఇతరుల రీళ్ళ నుంచి విప్పి పారేసిన పాత తంగూసు ఒక సంచి నిండా ఉంది. గంగన్న నేలమీద మఠం వేసుకుని కూర్చున్నాడు. పెద్ద రీలు మీదున్నదంతా విప్పి, ముందు పచ్చబడిన పాత తంగూసు ఎత్తుగా చుట్టి, దానికి కొత్త వంద మీటర్లు ముడివేసి పైన చుట్టాడు. ఎక్కడా వదులు లేకుండా, వేళ్ళ మధ్య నుంచి బిగించి పోనిస్తూ. అంచుకి బియ్యపు గింజంత ఎడం ఉండగా ఆపాడు. దుకాణంలోకి వచ్చిన ఇద్దరు బలూచీలు బేరం మానేసి చూస్తూ నిలబడ్డారు.

మళ్ళీ కొలిస్తే రెండు మూరలు దాటింది. ఫుర్ఖాన్ నమ్మక తన మోచేతితో కొలుచుకున్నాడు. అతని చేయి కొంచెం పొట్టి, ఇంకా ఎక్కువే వచ్చింది. నేను చదివిన కాగితం మడిచి చిన్న రీలు డబ్బాలో పెట్టేశాను.

"మరి పెద్ద చేప పట్టి వంద మీటర్లూ గుంజితే?" అన్నాడు ఫుర్ఖాన్, ఓడిపోవడం ఇష్టం లేక.

"గప్పుడు ముడి సంగతి ముడి చూస్కుంటది," అన్నాడు గంగన్న.

మర్నాడు గట్టు మీద అతను తిప్పడం చూసి ఫక్రుద్దీన్ ముందు అనుమానపడ్డాడు. తొందర లేదు. పొడుగు పిడి కాబట్టి మణికట్టు కదలకుండా భుజంతో, రాట్నం ముందు కూర్చున్నట్టే, ఒకే లయలో తిప్పుతున్నాడు. నీళ్ళలో చెంచా మాత్రం దౌడు తీస్తోంది. నలభై సార్ల దాకా లెక్కపెట్టి వదిలేశాను. చేప లేదు. కానీ చేయి ఆగలేదు. గంగన్న ముఖం చూస్తే అతనికి చేప సంగతి గుర్తుందో లేదో తెలియలేదు.

ఎండ వీపుకు తగిలే వేళకి రాడ్డు ఒక్కసారిగా వంగింది. రీలు కర్రుమని అరిచింది. తంగూసు పోతూనే ఉంది. చూస్తుండగానే తెల్లటిది అయిపోయి కింద పచ్చటిది తొంగిచూసింది. ఫక్రుద్దీన్ బిస్మిల్లా అన్నాడు. అక్కడ చేప నిలిచింది. ఆ తర్వాత పిడి ఒక్కో తిప్పుకీ, మూర తర్వాత మూర, అది వెనక్కి వచ్చింది. చివర ఫక్రుద్దీన్ కొక్కెం కర్రతో రాళ్ళమీదికి లాగాడు. నా చేతంత పొడుగుంది కనద్.

గంగన్న బండమీద కూర్చుని ఎడమచేయి మణికట్టు దాకా సముద్రంలో పెట్టాడు. కాస్త వాచింది. అయినా వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ చాలాసేపు చూసుకున్నాడు.

ఫక్రుద్దీన్ ఫ్లాస్కులోంచి ముగ్గురికీ చాయ్ పోశాడు. తర్వాత తన ఆరు నంబరు రీలు తెచ్చి, ఏమీ ఎరగనట్టు గంగన్న ముందు పెట్టాడు. "ఇందులో ఏమన్నా చోటు ఉండాదేమో చూడప్పా."

గంగన్న గ్లాసు ఎడమచేతికి మార్చుకుని, కుడి బొటనవేలితో తంగూసు నొక్కి చూశాడు.

"అర వేలంత ఉంది భాయ్. ఇన్నేండ్లు ఉత్తగనే తిప్పినవ్."

ఆ తర్వాత గంగన్న రైసూత్‌లో ఆరేళ్ళున్నాడు. గురువారం సాయంత్రాలు మా రూమ్ గుమ్మంలో ఎవరో ఒకరు రీలు పట్టుకుని నిలబడేవారు. రాడ్డు తీసుకుపొమ్మన్న మాట మాత్రం మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.