ఛార్జి ఇవ్వని నాలుగు రోజులు

రెండు వారాల కిందటి మంగళవారం ఉదయం మా పక్కింటి బాబాయి పోయారు. పిన్ని గోడ అవతల నుంచి పిలిచినప్పుడు నేను మీకోసమే ఒక వార్త రాస్తున్నాను. ఒక లినక్స్ డెస్క్‌టాప్ కొత్త కూర్పు విడుదలైంది, కిటికీల మూలలు ఇంకొంచెం గుండ్రంగా చేశారు, నోటీసులు వచ్చే చోటు మార్చారు, అదీ సంగతి. "అమ్మీ, ఓపాలి ఇలాగొచ్చెల్లు. మీ బాబాయి టీ తాగలేదు" అంది పిన్ని. గొంతు మామూలుగా లేదు. వాక్యం సగంలో వదిలేసి పరిగెత్తాను. గ్లాసు మీద మూత తీయలేదు. ఆయన కంప్యూటరు ముందు కుర్చీలోనే ఉన్నారు, కళ్లద్దాలు పెట్టుకునే ఉన్నారు. ఆ వాక్యం ఈరోజుకీ సగంలోనే ఉంది.

మీకు ఆయన తెలియదు. ఆయన మాట మాత్రం తెలుసు. నా ప్రతి సమీక్ష చివర 'ఛార్జి' అని ఒక చిన్న భాగం ఉంటుంది కదా, పాత కూర్పులో తెర మీద ఏ గుర్తు ఎక్కడ ఉండేది, ఇప్పుడు ఎక్కడికి పోయింది, ఏది పూర్తిగా తీసేశారు అని. ఆ పేరేమిటని మీలో చాలామంది అడిగారు. బ్యాటరీ సంగతి అనుకుని చదివి, మోసపోయామని రాసినవాళ్లూ ఉన్నారు. ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. అసలు సంగతి ఇది: నేను చేసిన ఒక తప్పుకి నాకు నేను వేసుకున్న శిక్ష అది. ఆ తప్పు నాదేనని బాబాయికి ఒక్కసారి చెప్పుకోవాలని నాలుగేళ్లు అనుకున్నాను. ఇద్దరి ఇళ్లకీ మధ్య ఒక గోడే. చెప్పలేదు. ఇప్పుడు వినడానికి ఆయన లేరు గనక మీకు చెబుతున్నాను.

సుభాష్‌పల్లిలో, ఈ బెంగాలీ రైల్వే ఊళ్లో, మా రెండు కుటుంబాలూ మూడు తరాల నుంచి ఉన్నాయి. మా నాన్న, బాబాయి రైల్వే వర్క్‌షాపులో ఒకే షెడ్డులో పనిచేశారు. బాబాయి చక్రాలు తిప్పే లేతు మిషను మీద ఉండేవారు. రిటైరయ్యాక ఒక పాత కంప్యూటరు కొనుక్కున్నారు. అది నత్తనడక నడుస్తుంటే నేను దాన్లో లినక్స్ వేసిచ్చాను. ఆయన కావాలన్నవి మూడే: పాత పాటలు, తెలుగు పేపరు, చెల్లెలితో మాట.

చెల్లెలు పలాస దగ్గర కూతురి ఇంట్లో ఉండేవారు. ఆవిడకి చెవులు దాదాపు వినిపించవు. ఫోను చెవికి పెట్టుకుంటే ఏమీ తెలిసేది కాదు. పెద్ద తెర మీద అన్నగారి మొహం కనిపిస్తే పెదాలు చూసి అన్నీ పట్టుకునేవారు. రోజూ సాయంత్రం నాలుగింటికి ఇటు బాబాయి, అటు ఆవిడ కంప్యూటర్ల ముందు కూర్చునేవారు. మరిచిపోకుండా నాలుగు కాగానే తెర మీద ఒక నోటీసు వచ్చేలా పెట్టమన్నారు. ఏమని రాయమంటారు అంటే, "సెల్లి అని రాయి. ఇంకేటి రాస్తావు?" అన్నారు. నేను 'చెల్లి' అని రాశాను. తెలుగు మాట మొదట్లో చ ఆయన నోటికి పలకదు, చేతికి మాత్రం వస్తుంది. రైల్వే తెలుగు బడిలో దిద్దిన గుండ్రటి అక్షరాలు.

గుర్తులు గుర్తుపట్టడానికి ఆయనకో పద్ధతి ఉండేది. గోల్‌బజార్‌లో బొట్టు బిళ్లల అట్ట కొనుక్కొచ్చి, తెర కింది చట్రం మీద అంటించుకున్నారు. వీడియో కాల్ గుర్తు కింద ఎర్రది, పాటల కింద ఆకుపచ్చది, పేపరు కింద నల్లది. కొట్టులో అమ్మాయి, ఈ వయసులో ఎవరికి కాకూ, అంటే బాబాయ్, అని బెంగాలీలో ఆటపట్టించిందట. "కంప్యూటరేర్ జొన్నో, కంప్యూటరు కోసం అన్నాను. నవ్వి ఇంకో అట్ట ఊరికే ఇచ్చినాది" అని మురిసిపోయారు. తనకి మాత్రం ఒక్క బిళ్ల కూడా ఇవ్వలేదని పిన్ని ఇప్పటికీ అంటుంది.

ఆయన నా మొదటి పాఠకుడు కూడా. నేను రాసింది పెద్ద అక్షరాలు చేసుకుని ఆసాంతం చదివేవారు. చదివి గోడ మీదుగా నా పరువు తీసేవారు. "సరళం అన్నావు, ఆధునికం అన్నావు, కంటికి హాయి అన్నావు. పోనసారీ ఇదే రాసినావు. మరి అప్పుడు హాయి లేదేటి?" అనేవారు. ఇంకోసారి, "ఆర్నెల్లకోపాలి గుమ్మం జరిపేత్తే ఇంట్లో మనిసి ఎలాగ తిరుగుతాడమ్మీ? గుమ్మం బాగున్నాదని రాసినావు గానీ ఎక్కడున్నాదో రాయలేదు" అన్నారు. నేను నవ్వేసేదాన్ని. నాలాంటి వార్తలు రాసేవాళ్లందరికీ ఒకటే తొందర. విడుదలైన రోజే రాయాలి, అందరికన్నా ముందు రాయాలి, స్క్రీన్‌షాట్లు, అదే తెర బొమ్మలు, నిండుగా ఉండాలి. ఎవరింట్లో ఎవరు తడుముకుంటున్నారో మాకెందుకు?

ఆ సోమవారం అలాంటి తొందరలోనే ఉన్నాను. ఒక పెద్ద మార్పుతో కొత్త కూర్పు వచ్చింది. తెర అడుగున గుర్తులన్నీ ఉండే పట్టీని పూర్తిగా తీసేశారు. పాత కంప్యూటర్ల మీద ఎలా నడుస్తుందో కూడా రాస్తే బాగుంటుందని నా బుర్రకి తోచింది. పొద్దున్నే బాబాయి ఇంటికి వెళ్లాను. ఆయన బజారుకి వెళ్లారు. పిన్ని "సేసుకో అమ్మా" అంది. కొత్తది ఎక్కించాను, బొమ్మలు తీసుకున్నాను, మధ్యాహ్నం రైలుకి పని మీద కలకత్తా వెళ్లిపోయాను. రైల్లోనే సమీక్ష రాసి పంపాను. అందులో నా వాక్యం ఒకటి నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: 'ఇంత శుభ్రమైన డెస్క్‌టాప్ ఇంతవరకు రాలేదు, తీసేసిన పట్టీ కోసం ఎవరూ వెతుక్కోరు.'

శుక్రవారం ఉదయం తిరిగొచ్చాను. సంచి ఇంట్లో పడేసి నేరుగా బాబాయి గుమ్మంలోకి వెళ్లి "ఎలాగున్నాది బాబాయ్ కొత్తది?" అని అడిగాను, మెప్పు కోసం వెళ్లినదాన్ని కదా. పిన్ని మంచం మీద ఆయన బట్టలు సర్దుతోంది. ఆయన తెర ముందు కూర్చుని ఉన్నారు. తెర అడుగున ఏమీ లేదు. కింది చట్రం మీద మూడు బొట్లూ అలాగే ఉన్నాయి, ఏమీ లేని చోటుని చూపిస్తూ.

"బాగున్నాదమ్మీ. శుబ్రంగా ఉన్నాది" అన్నారు.

ఫోనులో ఎలాగో నా సమీక్ష చదివారన్నమాట. తర్వాత, అదే గొంతుతో, "సెల్లి పోనాది. తెల్లారగట్ల ఫోనొచ్చింది. నాను పలాస ఎల్లాల" అన్నారు.

సోమవారం నుంచి గురువారం దాకా నాలుగు సాయంత్రాలు. ఆయన ఆ గుర్తు కోసం వెతికారు. అటు కూతురు ఫోనులో, "మావయ్యా, అమ్మకి ఫోనులో వినపడదు కదా, కంప్యూటర్లోకి రండి" అందట. ఆవిడ రోజూ తెర ముందు గంటసేపు కూర్చుని లేచేవారట. ఇవన్నీ తర్వాత పిన్ని చెప్పింది. "నీకు ఫోను సేద్దారని నానన్నాను. అమ్మీ పనిలో ఉంటాది, ఒగ్గెయ్ అన్నారు. నెట్ లేదులే అన్నారు" అంది. నెట్ ఉంది. నేను ఆ శుక్రవారం నిలబడ్డ చోటు నుంచే చూశాను. గుర్తు ఒక మూలనున్న మెనూ మీట వెనక దాక్కుని ఉంది, రెండు నొక్కులు, అంతే. ఆయన పలాస రైలు ఎక్కాక నేను ఒక్క నిమిషంలో దాన్ని పాత చోటికి తెచ్చిపెట్టాను. ఎర్ర బొట్టుకి సరిగ్గా పైన. ఎవరి కోసం తెచ్చానో నాకే తెలియదు.

ఆయన తిరిగొచ్చాక నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. ఒక రోజు టీ తాగుతూ, తనలో తాను చెప్పుకుంటున్నట్టు వర్క్‌షాపు కబురు ఒకటి చెప్పారు. "మా షాపులో డ్యూటీ దిగీవోడు ఎక్కీవోడికి ఛార్జి ఇవ్వాల. మిషను నిలబెట్టి, ఇదిగో ఈ స్పానరు ఇక్కడుండీది అక్కడెట్టినాను, ఈ బోల్టు ఒదులు సేసినాను, అని సెప్పాల. బుక్కులో రాయాల. ఇద్దరూ సంతకం ఎట్టాల. సెప్పకండా గేటు దాటినోడి మూలాన సెయ్యి పోనోళ్లున్నారు." ఇంతే చెప్పి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్లిపోయారు. ఆ వారం నుంచి నా సమీక్షల చివర ఆ భాగం మొదలైంది. మొదటిసారి చదివి "ఇదీ రాయడవంటే" అన్నారు. అప్పుడైనా చెప్పొచ్చు. నేను చెబితే ఆయన 'పోనీలే' అంటారు, అన్నాక ఇక దాని గురించి మాట్లాడుకోవడానికేమీ ఉండదు. దానికి భయపడ్డాను.

నోటీసు మాత్రం రోజూ వచ్చేది. చెల్లెలు పోయినా ఆయన దాన్ని తీయమనలేదు. ఒకసారి నాలుగింటికి నేను అక్కడే ఉన్నాను. తెర మీద 'చెల్లి' అని పడింది. "తీసెయ్యనా బాబాయ్?" అన్నాను. "ఉండనీ. నిన్నేటి సేస్తన్నాది అది?" అన్నారు. అది నన్నేం చేస్తోందో ఆయనకి తెలియదనుకున్నాను. ఆ తర్వాత ఏ రోజూ నాలుగింటికి ఆ గదిలోకి వెళ్లలేదు. ఇంట్లో ఉన్నా, వర్క్‌షాపు వైపు నుంచి నాలుగింటి సైరను వినిపిస్తే గడియారం చూసుకునేదాన్ని. గోడ అవతల నోటీసు చప్పుడు నిజంగా వినిపించేదో, వినిపించిందని అనుకునేదాన్నో చెప్పలేను.

దినం అయ్యాక పిన్ని నా చేతికి ఒక పొడుగాటి పుస్తకం ఇచ్చింది. "నీది లాగుంది సూడు. నాకేటి తెల్దు" అంది. లోపల అన్నీ తెర బొమ్మలు. పెన్సిలుతో, స్కేలు పెట్టి గీసినవి. ప్రతి కూర్పుకీ ఒక పేజీ, ఎక్కడివి ఎక్కడికి వెళ్లాయో బాణం గుర్తులు. పేజీ అడుగున రెండు గళ్లు: ఛార్జి ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు. నేను ఎక్కించి చూపించిన ప్రతిసారీ ఇచ్చినవారు దగ్గర 'అమ్మీ' అని ఆయనే రాసి, పక్కన తన సంతకం పెట్టుకున్నారు.

ఆ సోమవారం పేజీ కూడా ఉంది. అక్కడికి తిప్పాను. ఖాళీ తెర గీశారు. కింద వరసగా: సోమ 4, గుర్తు లేదు. మంగళ 4, గుర్తు లేదు. బుధ 4, లేదు. గురువారం దగ్గర 4 మాత్రమే ఉంది. దాని కింద వేరే రోజు, వేరే పెన్నుతో రాసిన మాట: 'అమ్మీ ఛార్జి ఇవ్వలేదు. నాను అడగలేదు. ఇద్దరిదీ తప్పు.' పుచ్చుకున్నవారి గడిలో మాత్రం ఆయన సంతకం ఉంది. నా గడి ఖాళీ. అన్నీ తెలుసు ఆయనకి. నాలుగేళ్లు నా ఎదురుగా టీ తాగుతూ, నేను ఎప్పుడు సంతకం పెడతానా అని చూశారు. నేను ఆ పేజీ మీద తల పెట్టుకుని ఏడ్చాను.

చివరి పేజీలో ఈ కొత్త కూర్పు ఉంది. ఇంకా విడుదల కాకముందు నేను పెట్టిన బొమ్మలు చూసి గీసుకున్నట్టున్నారు. సగమే గీశారు. పై అంచున ఒక ప్రశ్న గుర్తు పెట్టి, పక్కన రాసుకున్నారు: 'నోటీసు ఎక్కడొస్తాది? అమ్మీని అడగాల.'

అడగలేదు. అడగడానికి నేను మంగళవారం పొద్దున్న గోడ ఇవతలే ఉన్నాను.

జవాబు ఇదిగో బాబాయ్. పాతదాన్లో నోటీసు తెర పైన మధ్యలో వచ్చేది. కొత్తదాన్లో కింద కుడి మూలకి వెళ్లింది. ఏదీ తీసేయలేదు. ఈసారి ఛార్జి ఇదే, ఇంకేమీ రాయను. ఆ సోమవారం పేజీలో నా సంతకం పెట్టాను.

నిన్న నాలుగింటికి ఆ గదిలోకి వెళ్లాను. నాలుగేళ్లలో అదే మొదటిసారి. పిన్ని కంప్యూటరు ఆపనివ్వడం లేదు, రోజూ ఆ వేళకి వచ్చి పక్కన కూర్చుంటోందట. కొత్త కూర్పు సిద్ధంగా ఉంది, ఎక్కించమంటారా అని తెర అడుగుతోంది. వద్దని నొక్కాను. అప్పుడు చూశాను, పై చట్రం మధ్యలో ఇంకో ఎర్ర బొట్టు అంటించి ఉంది. సైరను మోగింది. సరిగ్గా ఆ బొట్టు కింద 'చెల్లి' అని వచ్చింది. పిన్ని చూసింది, నేను చూశాను, ఆయన కుర్చీ ఖాళీగా తెరకి ఎదురుగా ఉంది. కాసేపు ఉండి, ఎవరూ నొక్కకపోతే, దానంతట అదే పోయింది.