అమ్మకి చెప్పని ఉద్యోగం

తొంభైల్లో ఐటీఐ ఫిట్టరు కోర్సు పాసయ్యాను. క్లాసులో నేనొక్కదాన్నే ఆడపిల్లని, మార్కుల్లోనూ నేనే ఫస్టు. గాజువాకలో ఒక వర్క్‌షాపుకి ఇంటర్వ్యూకి వెళితే, మేనేజరు నా సర్టిఫికెట్టు తెరిచి కూడా చూడలేదు.

"ఫిషింగ్ హార్బరు దగ్గరా మీ ఇల్లు? ఆడపిల్లవి, మిషను దగ్గర ఏం నిలబడతావు? ఊడవడానికి మనిషి కావాలి. మీవాళ్ళకి అలవాటేగా, చేరిపో" అన్నాడు.

ఇల్లు గడవాలి కాబట్టి తలూపాను.

చేపల వేలం మానుకుని నాతో వచ్చిన అమ్మ గేటు బయట ఎదురుచూస్తోంది.

"ఏటమ్మా, ఉజ్జోగం ఇచ్చీసినారా?"

"ఇచ్చీసినారమ్మా."

"నా కూతురు మిషన్లు సేత్తాది!" అని ఆటో అతనికి కూడా చెప్పింది. మేనేజరు ముందు రాని ఏడుపు అప్పుడొచ్చింది. సంతోషమనుకుని అమ్మ నా కళ్ళు తుడిచింది.

ఆరేళ్ళు ఆ మిషన్ల కింద ఇనప రజను ఊడ్చాను. నిజం తెలియకుండానే అమ్మ పోయింది. ఇప్పటికీ ఎక్కడైనా ఆడపిల్ల మిషను నడుపుతూ కనిపిస్తే, అమ్మని పిలిచి చూపించాలనిపిస్తుంది.