పదకొండో చెక్క

మా బావకు చెవుడు. పుట్టుకతో వచ్చింది కాదు, జీతంతో పాటు వచ్చింది. ముప్ఫై ఒక్క ఏళ్లు రేవు దాటించే లాంచీలో, ఇంజను పక్కన, నిటారుగా నిలబడితే తల తగిలే అరలో పని చేశాడు. రిటైరైన రోజున ఆఫీసువాళ్లు గోడ గడియారం ఇచ్చారు. అది గంట గంటకీ మోగుతుంది. మోగుతుందని బావకు ఇప్పటికీ నమ్మకం లేదు.

మా అక్క టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేసి రిటైరైంది. ఎవరు జలుబు చేసి మాట్లాడుతున్నారో, ఎవరు ఏడ్చి మాట్లాడుతున్నారో 'హలో' అనగానే కనిపెట్టేది. అలాంటి చెవులున్న పిల్లను ఇలాంటి ఇంటికి ఇచ్చాడని మా నాన్న మీద నాకు ఒళ్లు మండుతుంది. పెళ్లినాటికి బావ చెవులు బాగానే ఉండేవి లెండి. ఉన్నమాట చెప్పాలి కదా.

వినికిడి మెషిన్ పెట్టుకోమని అక్క ఆరేళ్లుగా పోరుతోంది. "నీకు వినిపిస్తోందిగా, చాలు," అంటాడు బావ. ఆ మాటకు అక్క మురిసిపోయేది, ఆ మాటకే విసుక్కునేది కూడా.

రిటైరయ్యాక బావ ఒక పాత చెక్క పడవ కొని, రేవు పక్కన రేకుల షెడ్డులో పెట్టాడు. దాన్ని బాగు చేయడం మొదలుపెట్టి నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లూ అక్క కూడా ఆ షెడ్డులోనే ఉంది, ఎందుకంటే చెక్క మంచిదో కుళ్లిందో చప్పుడుని బట్టి చెప్పాలి. కొయ్యసుత్తితో కొడితే మంచి చెక్క ఖణీమంటుంది, కుళ్లింది డొల్లగా పలుకుతుంది. బావ కొట్టేవాడు, అక్క వినేది, బావ ఆమె చేతివైపు చూసేవాడు. అరచెయ్యి చాపితే మంచిది. పిడికిలి బిగిస్తే కుళ్లింది. పిడికిలి బిగించిన ప్రతి చెక్కా పీకి చూస్తే లోపల పిండిపిండిగా ఉండేది. ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆ రోజు నేను టిఫిన్ క్యారియర్ పట్టుకుని షెడ్డుకు వెళ్లేసరికి పడవ బోర్లించి ఉంది. ఎల్లుండి పెద్ద పోటు. షెడ్డు దాకా నీళ్లు వచ్చేది అప్పుడే, తప్పితే మళ్లీ ఆరు నెలలకు. పోటు మీద పడవ దించి, సరంగు గారిని ఎక్కించుకుని నది మలుపు దాకా వెళ్లి రావాలని బావ కోరిక.

సరంగు గారంటే లాంచీ నడిపినాయన, బావకు పైవాడు. పైన చక్రం దగ్గర ఆయన గంట కొడితే కింద బావ ఇంజను వేగం మార్చేవాడు. బావకు గంట వినిపించడం మానేశాక, సంగతి ఆఫీసుకు తెలిస్తే ఉద్యోగం పోయేది. సరంగు గారు నోరు మెదపలేదు. పైనుంచి ఒక తాడు కిందికి వదిలి, దాని కొస బావ మోచేతికి కట్టించాడు. ఒక లాగు లాగితే ముందుకు, రెండు లాగితే వెనక్కి. చివరి ఆరేళ్లు ఆ లాంచీ తాడు మీదే నడిచింది.

"ఏం మరదలా, ఆకలి మీద ఉన్నామని తెలిసి కూడా నడిచి వచ్చావా?" అన్నాడు బావ, ఊరంతా వినేంత గట్టిగా.

"పడవ దింపితే అందులో వద్దామనుకున్నాను," అని తెడ్డు వేస్తున్నట్టు చేతులు తిప్పి చూపించాను. నవ్వాడు. అక్క నవ్వలేదు.

పోయిన వారం బావ లారీ హారన్ వినక రోడ్డుకు అడ్డం పోయాడు. అక్క చొక్కా పట్టుకుని లాగింది కాబట్టి మనిషి మిగిలాడు. అప్పటినుంచి ఆమెకు నిద్ర లేదు. "రోడ్డు మీద కాబట్టి వాడు బ్రేకు వేశాడే. నీళ్ల మీద ఎదురొచ్చే లాంచీకి బ్రేకెక్కడిది? పైగా మంచం దిగలేని సరంగు ఈయనకు తోడట," అంది నాతో.

బావ సుత్తి తీసుకున్నాడు. మొదటి చెక్క, అరచెయ్యి. రెండోది, అరచెయ్యి. పది చెక్కలూ అలాగే అయ్యాయి. పదకొండో చెక్క పడవ అడుగున ఉంది, మార్చాలంటే అన్నిటికన్నా కష్టమైంది. బావ కొట్టాడు. ఖణీమంది. నేను టెలిఫోన్ ఆఫీసులో చేయలేదు కానీ నా చెవులకు ఏ రోగమూ లేదు.

అక్క పిడికిలి బిగించింది.

బావ మళ్లీ కొట్టాడు. మళ్లీ ఖణీమంది. పిడికిలి అలాగే ఉంది. ఆయన ఎడమ అరచెయ్యి ఆ చెక్క మీద ఆనించి కాసేపు ఉంచాడు. తర్వాత సుత్తి కింద పెట్టాడు.

"కొత్త చెక్క తెచ్చి వంపు తిప్పాలంటే నెల పడుతుంది," అన్నాడు. "ఇంక ఎల్లుండి కాదు."

అక్క నావైపు చూసింది. నేను క్యారియర్ మూత తీయడంలో మునిగిపోయినట్టు నటించాను. చెక్క ఖణీమందన్న మాట నేను అప్పుడే చెప్పి ఉండాల్సింది. మొగుడూ పెళ్లాల మధ్య నాకెందుకని ఊరుకున్నాను. బతుకులో నేను నోరు మూసుకున్న రోజులు తక్కువ, మూసుకోకూడని రోజే మూసుకున్నాను.

తినేసి, ఈ కబురు మనమే చెప్పి రావాలని ముగ్గురం సరంగు గారింటికి బస్సెక్కాం. ఆయన ముందుగదిలో మంచం మీద ఉన్నాడు. దుప్పటి కింద మనిషి ఉన్నాడా లేడా అన్నట్టున్నాడు. తలగడ పక్కన చుట్ట చుట్టిన తాడు ఉంది, కొత్తది.

"ఎల్లుండి పొద్దున్నే వచ్చేస్తా," అని నోరు పెద్దగా కదిపి, తాడు ఎత్తి చూపించాడు.

"లేదన్నా. అడుగు చెక్క కుళ్లింది," అన్నాడు బావ. "వచ్చే పోటుకు తప్పకుండా."

సరంగు గారు తల ఊపాడు. తాడు పక్కన పెట్టబోతే జారి కిందపడింది. బావ వంగి తీసి తలగడ కిందకు తోశాడు.

వంటింట్లో సరంగు గారి భార్య టీ పెడుతోంది. "వచ్చే పోటు దాకా ఈయనెక్కడుంటారు వదినా?" అంది అక్కతో, గొంతు తగ్గించి. "రెండు నెలలన్నారు డాక్టరు. మీ ఆయనకు చెప్పొద్దన్నారు ఈయన. నెల రోజులుగా పడవ, పడవ అంటూ ప్రాణం పట్టుకుని కూర్చున్నారు."

అక్క తన గ్లాసు గట్టు మీద పెట్టేసింది. టీ తాగలేదు.

తిరుగు బస్సులో అక్క, బావ ఒక సీటులో, నేను వెనక సీటులో కూర్చున్నాం. చెవిటి మొగుడితో వచ్చిన చిక్కేమిటంటే, తప్పు ఒప్పుకోవాలన్నా అరిచి ఒప్పుకోవాలి. బస్సు నిండా జనం. అక్క బావ మోకాలు తట్టి, అరచెయ్యి చాపి ఆయన ముందు పెట్టింది. బావ ఒక్క క్షణం ఆ చేతిని చూసి, జేబులోంచి టిక్కెట్లు తీసి అందులో పెట్టాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

రేవు దగ్గర బస్సు ఆగగానే బావ, "పనిముట్లు సర్దేసి వస్తా, మీరు వెళ్లండి," అని దిగిపోయాడు. ఇంటికి చేరాక అక్క అన్నం పొయ్యి మీద పెట్టి, "రాగానే చెప్పేస్తాను. తిడితే తిట్టనీ, ఎల్లుండి పడవ దిగాలి," అంది. అన్నం ఉడికింది, చల్లారింది కూడా. గోడ గడియారం నాలుగు కొట్టింది. బావ రాలేదు.

అక్క ఒక్కసారిగా లేచింది. చెప్పులు కూడా వేసుకోలేదు.

షెడ్డు ఇంకా వంద అడుగులుందనగా ఉలి చప్పుడు వినిపించింది. బావ మాకు వీపు పెట్టి కూర్చుని పదకొండో చెక్కను చెక్కుతున్నాడు. అక్క పరుగెత్తుతూ అరిచింది. "ఏమండీ, కొట్టొద్దు. చెక్క బాగుంది. నేను అబద్ధం చెప్పాను." వలలు బాగు చేసుకునేవాళ్లు తలలెత్తి చూశారు. చేపలు తూకం వేసే ఆమె తక్కెడ దించి చూసింది. రేవంతా విన్నది. వినాల్సిన ఒక్కడు తప్ప.

మేము దగ్గరికి వెళ్లేసరికి పడవ అడుగున మనిషి దూరేంత సందు ఉంది. బావ చుట్టూ చెక్క ముక్కలు, ఎర్రగా, గట్టిగా, తాజాగా.

అక్క నీడ మీద పడితే తలెత్తాడు. చెమట తుడుచుకుని, "జానెడు దూరమే కుళ్లి ఉంటే అతుకేసి ఎల్లుండికి దించేద్దామనుకున్నాను," అన్నాడు. "ఎంత చెక్కినా కుళ్లు కనపడదు. ఇంకొంచెం ముందుంటుందిలే, నువ్వు చెప్పావు కదా అని చెక్కుతూ పోయాను."

అక్క అరచెయ్యి చాపింది. ఈసారి బావ జేబులో చెయ్యి పెట్టలేదు.

"పొద్దున్నుంచీ బాగానే ఉందా?"

అక్క తల ఊపింది.

బావ ఉలి మొనకు అంటిన పొట్టు వేలితో తీశాడు. "చెక్క మీద చెయ్యి ఆనిస్తే బాగానే తోచింది," అన్నాడు. ఆ రోజంతటిలో ఆయన మెల్లగా అన్న మాట అదొక్కటే. "నీ చెవికన్నా నా చెయ్యి గొప్పదా అనుకున్నాను."

అక్క ఏడుస్తూ సరంగు గారి సంగతి, రెండు నెలల సంగతి, లారీ సంగతి అన్నీ చెప్పింది. నోరు పెద్దగా కదుపుతూ చెప్పింది, ఎంత అర్థమైందో తెలియదు. బావ పనిముట్లు ఒక్కొక్కటీ సంచిలో వేసుకున్నాడు. లేచి నిలబడ్డాక మాత్రం, "అన్నకు చెక్క కుళ్లిందనే చెప్పాం. ఆ మాటే ఉండనీ," అన్నాడు.

సరంగు గారు రెండు నెలలు కూడా ఆగలేదు, ముప్ఫై ఎనిమిది రోజులకే పోయాడు. పదకొండో రోజున ఆయన భార్య ఆ తాడు బావకు ఇచ్చింది. బావ దాన్ని షెడ్డులో మేకుకు తగిలించాడు.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా వెళ్లి వినికిడి మెషిన్ పెట్టించుకుని వచ్చాడు. అక్క ఆరేళ్లుగా బతిమాలిన మెషిన్. ఇంటికి రాగానే గడియారం ఐదు కొడితే గోడవైపు చూసి, "ఇది నిజంగానే మోగుతుందే," అన్నాడు.

పడవ పని ఇప్పటికీ సాగుతోంది. అక్క అలవాటు కొద్దీ వెళ్లి, పాత స్టూలు మీద, చెయ్యి ఒళ్లో సిద్ధంగా పెట్టుకుని కూర్చుంటుంది. బావ చెక్క మీద కొడతాడు, తల పక్కకు వంచి తనే వింటాడు, తర్వాతి చెక్కకు వెళ్లిపోతాడు.